బాల్కనీలో ఇంటూ గుర్తులు

హలో… ఆ, నేనే బావా. ఎన్నిసార్లు చేశాను నీకు!… సరే, అదంతా తర్వాత. నువ్వు వెళ్ళిపోయాక అక్క పడిపోయింది.

…అవును, ఆ మూతపడ్డ సినిమా హాల్లోనే. బాల్కనీలో. కాలి కింద చెక్క విరిగి నడుం దాకా దిగిపోయింది. దూలాన్ని కావలించుకుని ఉంది.

…ఉంది బావా, ప్రాణాలతోనే ఉంది! అరవకు. మాట్లాడుతోంది కూడా. కెమెరా మాత్రం పగల్లేదని నీకు చెప్పమంది.

…ఫైర్ వాళ్ళు వచ్చేశారు. కింద నుంచి కుదరదట. కిందంతా విరిగిన కుర్చీల ఇనుము, నిచ్చెన నిలబెట్టే చోటే లేదు. పైనుంచే వెళ్ళాలి. కానీ ఏ చెక్క గట్టిదో, ఏది పుచ్చిందో ఎవరికి తెలుసు?

…అదే కదా నా ఏడుపు! ఫొటోల కోసం ఏ పాత బిల్డింగుకి వెళ్ళినా మన పద్ధతి అదేగా. ముందు ఎక్కినవాళ్ళు ట్రైపాడ్ కాలితో తట్టి చూసి, పుచ్చిన చెక్క మీద సుద్దతో ఇంటూ గుర్తు పెట్టాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు. ఇవాళ ముందెక్కింది థర్మాస్ బాబాయ్.

…పెట్టానంటున్నాడు. తన టీ ఫ్లాస్కు మీద ఒట్టేస్తున్నాడు పాపం. లైటేసి చూస్తే ఒక్క గుర్తూ లేదు.

…తిట్టకుండా ఉంటానా? అంత పెద్దాయన్ని చొక్కా పట్టుకుని ఊపేశాను. మెట్ల మీద కూలబడ్డాడు. ఎక్కడెక్కడ పెట్టావు బాబాయ్ అంటే ఒకసారి కుడివైపంటాడు, ఒకసారి ఎడమవైపంటాడు.

…ఏంటి బాబాయ్? ఒక్క నిమిషం… బావా, లైన్లో ఉండు. తన ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెడుతున్నాడు. నువ్వు ఇందాక గ్రూపులో పెట్టిన ఫొటో.

…చూస్తున్నాను. బాల్కనీలో ఒక మూల, కప్పు చిల్లులోంచి ఎండ. బాగుంది. చాలా బాగుంది… బావా, ఈ చెక్కల మీద తడి మరకలేంటి?

…వాన పడి ఎన్నాళ్ళయింది బావా?

…నీళ్ళ సీసా ఒలికిందా? ఒక్కో చెక్క మీద ఒక్కో మరకగా ఒలికిందా?

బావా, గుర్తులు నువ్వే తుడిచావా?

…ఫ్రేమ్‌లో అడ్డొచ్చాయా? సుద్ద గీతలు నీ ఫ్రేమ్‌కి అడ్డొచ్చాయా?

…మళ్ళీ పెడదామనుకున్నావు. ఎండ పోతుందని తొందరపడ్డావు. తర్వాత మర్చిపోయావు. దిగుతూ, పైన వెలుగు అదిరిపోయింది వెళ్ళి చూడమని అక్కని నువ్వే పంపావు!

…ఏడవకు. నీ ఏడుపు నాకిప్పుడు అక్కర్లేదు. విను. ఎక్కడికెళ్ళినా ముందు మొత్తం కనపడేలా ఒక ట్రయల్ ఫొటో తీస్తావు కదా? తుడవకముందు తీశావా, లేదా?… ఉందా? దేవుడా! పంపు. ఆ గుర్తులు చూసుకుని వీళ్ళు నడుస్తారు. పంపు త్వరగా!

…దేనికి మాటివ్వాలి?

…నీకు మతి ఉందా బావా? అక్క అక్కడ… నువ్వు తుడిచింది దాచి, బాబాయే తట్టడం మర్చిపోయాడని చెప్పాలా? ఆయన ఇక్కడే ఉన్నాడు, నా పక్కనే. నేననే ప్రతి మాటా వింటున్నాడు.

…అదిగో, ఇంకో చెక్క విరిగింది. వినపడిందా?… అక్కా, కదలకు! కదలకే!… సరే. సరే బావా, చెప్పను. ఒట్టు. పంపు!

…వచ్చింది. సార్! సార్, ఇదిగో. ఇంటూ ఉన్న చోట కాలు పెట్టకండి. గోడ వెంట వెళ్ళి, మూడో వరస దగ్గర తిరగండి… ఆఁ, అదే, అటే.

…లైన్లోనే ఉన్నాను. వెళ్తున్నాడు. పొట్ట మీద పాకుతున్నాడు… నడుముకి తాడు కట్టాడు… లాగుతున్నారు.

…ఆగు బావా, ఆగు…

వచ్చేసింది. గుమ్మం దాకా తెచ్చేశారు. కాలు చీరుకుపోయింది, నిలబడలేకపోతోంది. కానీ వచ్చేసింది.

…ఇవ్వను. అక్కకి ఫోన్ ఇప్పుడే ఇవ్వను. అక్క బాబాయ్ వైపు వెళ్తోంది. కుంటుకుంటూ… అయ్యో, కొట్టింది. చెంప మీద కొట్టింది బావా. “నీ వల్ల చచ్చేదాన్ని” అంటోంది.

…ఆయనా? నా వైపు చూస్తున్నాడు. అంతే.

…గుర్తుంది. ఒట్టేశాను, గుర్తుంది.

…లేదు బావా, ఫోన్ పెట్టెయ్యకు. నువ్వూ విను.

అక్కా! చెయ్యి దించు. బాబాయ్ పెట్టాడే, పుచ్చిన ప్రతి చెక్కకీ పెట్టాడు. తుడిచింది బావ.