వార్డు సభ, ప్రవేశం ఉచితం

నారాయణగూడ ఇరానీ హోటల్లో కల్చరల్ పేజీ ఇన్‌చార్జి ఇంద్రసేన ఎదురుగా ట్రైనీ నవత బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా అన్నది తేలేది ఇక్కడే.

“నేనడిగేది గది కాదు. మన ‘ఈ సాయంత్రం’ కాలమ్‌ల ఏముంటయి?”

“కచేరీలు, నాటకాలు, పుస్తకావిష్కరణలు సార్.”

“మరి మున్సిపాలిటీ వార్డు మీటింగ్ ఎట్ల దూరింది నవతా?”

“వీణ కచేరి క్యాన్సిలయింది సార్. జాగ మిగిలింది.”

“మిగిలితే యోగా క్లాసు వెయ్యి. ‘అశోక్‌నగర్‌లో వార్డు సభ. అంశం: పార్కు తీసేసి పార్కింగ్. అందరూ ఆహ్వానితులే. ప్రవేశం ఉచితం.’ ఏందిది?”

“ఉచితమే కద సార్.”

“నవ్వకు.”

“నవ్వుతలేను సార్. పోయిన నెల మీటింగ్‌కు ముగ్గురొచ్చిన్రు. అందుల ఒకాయన ఫ్యాన్ కింద పండనీకె వచ్చిండు. ఈసారి గూడ ఎవ్వరు రాకుంటే పార్కు పోయేది. అందుకని…”

“అందుకని?”

“జాగ మిగిలింది సార్.”

“సరే, ఎందరొచ్చిన్రు?”

“కుర్చీలు చాలలే. పక్కనే చిక్కడపల్లి, సభలకు అలవాటు పడ్డోళ్ళు కద సార్, మన కాలమ్‌ల పడ్డదంటే ఏ సభకైనా వస్తరు. వచ్చినోళ్ళు ఊకుంటరా? ముందు జ్యోతి వెలిగించిన్రు.”

“వార్డు మీటింగ్‌లనా?”

“ప్రార్థన గీతం గూడ అయింది. సూర్యనారాయణమూర్తి గారు తెలుసు కద, ప్రతి సభల వందన సమర్పణ చేసే పెద్దాయన. ఆయన లేచి ‘అధ్యక్షులెవరండీ?’ అన్నరు. ముందు వరుసల బస్తీ ఆశమ్మ కూసున్నది. ఆమెను తీస్కపోయి నడిమి కుర్చీల కూసోవెట్టిన్రు.”

“కూలికి పోయే ఆశమ్మనా?”

“ఆమెనే. మైకిస్తే ముందుగాల వద్దన్నది. తర్వాత ఇడిస్తేనా? ‘నేను పాలమూరు నుంచి వచ్చినప్పటి సంది నన్నెవ్వరు ఏమడగలే. ఇయ్యాల అడిగిన్రు కాబట్టి చెప్తున్న. మా పొల్లగాండ్లు ఆడేది గా పార్కులనే. గాడ బండ్లు వెడితే పొల్లగాండ్లను ఏడ వెట్టాలె?’ అన్నది. ఒకటే చప్పట్లు. నాకైతే కండ్లల్ల నీళ్ళొచ్చినయి సార్.”

“చప్పట్లు సరే. పార్కింగ్ కావాలన్నోళ్ళు ఎవరన్న మాట్లాడిన్రా?”

“ఒక్కరు గూడ రాలే.”

“ఒక్కరు గూడనా?”

“లే సార్. మీకెందుకు పరేషాన్?”

“ఊకెనే అడిగిన. తర్వాత?”

“తర్వాత, పార్కు సంగతి తేల్చనీకె వచ్చిన మున్సిపాలిటీ ఇంజినీరు రాఘవేందర్ సారుకు సన్మానం.”

“ఎందుకు? ఆయన ఏం చేసిండని?”

“నేను గూడ గదే అడిగిన. ‘సభ అన్నాక శాలువా లేకపోతే ఎలాగమ్మా’ అన్నరు మూర్తి గారు. ఎవరో ఉరికి ఇంట్లకెళ్ళి శాలువా పట్టుకొచ్చిన్రు. దండ ఏసిన్రు. ‘మన పార్కును కాపాడిన మహనీయులు’ అని మైకుల చెప్పిన్రు.”

“ఇంకా కాపాడనే లేదు కద.”

“లేదు. పాపం, ఎటు జూడాలెనో తెల్వక శాలువా సదురుకుంట నిలవడ్డడు. ‘సర్వీసంత తిట్లే తిన్న, శాలువా కప్పుడు ఇదే మొదలు’ అన్నడు. దండ మెడల ఉండంగనే, పార్కు పార్కు లెక్కనే ఉండాలెనని అందరి ముందర రాసి సంతకం పెట్టిండు.”

“రాసిచ్చిండా? సంతకంతోని?”

“అవ్ సార్. వందన సమర్పణ అయినంక గూడ జనం లేస్తలేరు. వచ్చే నెల డ్రైనేజీ మీద మీటింగట. ప్రార్థన ఎవరు పాడాలెనో ఇప్పటి సందే కొట్లాట.”

“ఊఁ.”

“సార్, గట్ల ఊఁ అనకున్రి. నా ఉద్యోగం ఉన్నట్టా, లేనట్టా?”

“ఉంటది తియ్. పెన్నుందా? రేపటి కాలమ్‌కు రాస్కో. ‘అశోక్‌నగర్‌లో అపార్ట్‌మెంట్ల సంఘం సభ. అంశం: కొన్న నానో కార్లు ఎక్కడ పెట్టాలి?’”

“రాసిన. ముఖ్య వక్త ఎవరు సార్?”

“పార్కింగ్ కోసం అర్జీ పెట్టిన సంఘం కార్యదర్శి… ఇంద్రసేన అని రాయి.”