వంచక్కర్లేని స్కూటర్

వైశాలి నగర్‌లో ఓ ఇంటి గేటు ముందు, కొత్త ఎలక్ట్రిక్ స్కూటర్ దగ్గర, ఉక్కు ప్లాంటులో పనిచేసి రిటైరైన భర్తకీ భార్యకీ గొడవ అప్పటికే ముదిరింది.

“మళ్లీ పక్కకి వంచేస్తన్నారేటండీ?”

“పెట్రోలు కిందకి దిగాలి కదే!”

“బ్యాటరీ బండిలో పెట్రోలా?”

“పాత స్కూటర్‌తో ముప్పయ్యేళ్ల అలవాటు. చెయ్యి ఊరుకోదు.”

“కాలూ ఊరుకోట్లేదు. కిక్కు ఎతుకుతోంది!”

“నవ్వకే, పడిపోతావు. చప్పుడే లేదు, ఇది స్టార్టయినట్టా?”

“అయింది. జరగండి, నేను నడుపుతాను.”

“నీకు బండెప్పుడొచ్చీసింది?”

“మీరు వాకింగెళ్లినప్పుడు కోడలు నేర్పింది. పాతదాని కిక్కు కొట్టలేకే కదా ఇన్నేళ్లూ మీ వెనకాల కూర్చున్నాను. ఎక్కండి.”

“ఊరు దాటేక ఆ కుమ్హారి ఊరి దగ్గర ఛార్జింగయిపోతే?”

“మీరు తొయ్యండి. పాతదాన్ని నేను తొయ్యలేదా?”

“మెల్లిగా! కుక్క! ఒసే, కుక్కే!”

“అది ఎప్పుడో తప్పుకుంది. కళ్లు తెరవండి!”

ఆ పూట భోజనాల దగ్గర ఆయన పప్పన్నం కలుపుకుంటూ, కొడుకూ కోడలూ మనవరాలూ వినేలా నెమ్మదిగా చెప్పాడు.

“రేపు పాత స్కూటర్ పాత సామాన్లు కొనే కబాడీవాలాకి ఇచ్చీస్తన్నాను. కొత్తదాని తాళం మీ అమ్మ దగ్గరే ఉంటాది. ఎవరు ఎక్కడికెళ్లాలన్నా ఆవిడ్నే అడగండి. రేపు పొద్దుటికి మాత్రం నేను ముందే అడిగీసుకున్నాను.”