గ్రాండ్‌మాస్టర్‌కి గురువు యోబుగారు

యోబుగారు నోరు విప్పితే చెరువుల మీది మంచు కూడా కాసేపు ఆగి విని మరీ పోతుందని ఆకివీడులో చెప్పుకుంటారు. ఆయన ముప్ఫై ఎనిమిదేళ్ళు చేపల లారీ తోలి ఆరేళ్ళ కిందట మానేశారు. బండికి పడ్డ బ్రేకు నోటికి పడలేదు.

ఆ ఉదయం ఏడింటికి ఐసు ఫ్యాక్టరీ ఎదురుగా, పాపమ్మ టీకొట్టు బల్ల మీద, ఆయన కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ఐసు కోసం ఆగిన లారీల దీపాలు మంచులో పచ్చగా నానిపోయి ఉన్నాయి. బల్ల మధ్యలో రంగు వెలిసిన చదరంగం గళ్ళు. డ్రైవర్లు లోడు ఎక్కేదాకా అక్కడే ఆడతారు. ఆట సగంలో ఉండగా లారీకి పిలుపొస్తే ఏ పావు ఎక్కడుందో గోడమీద సుద్దముక్కతో గీసేసి హౌరా వెళ్ళిపోతారు. వారం పది రోజులకి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, అక్కణ్ణుంచే ఆడతారు. పాపమ్మ ఆ గోడకి ఏ పండక్కీ సున్నం వేయనివ్వదు.

ఇవాళ మాత్రం ఎవరూ పావులు ముట్టుకోలేదు. హైస్కూలు డ్రిల్లు మాస్టారు ప్రసాదరావు చేతిలో ఒక ఫారం ఉంది. వచ్చే ఆదివారం ఏలూరులో గ్రాండ్‌మాస్టర్ ఫణికిరణ్ ఒక్కడే నలభై మందితో ఒకేసారి ఆడతాడట. మండలానికి ఒక్క కుర్చీ. ఆకివీడు కుర్చీలో ఎవరు కూర్చుంటారో ఇవాళ ఎనిమిదింటిలోగా పేరు పంపాలి. ప్రసాదరావు వాలీబాల్ మనిషి. చదరంగంలో ఆయనకి తెలిసిందల్లా బోర్డు మోసుకెళ్ళి బల్లమీద పెట్టడం వరకే.

"నా పేరు రాయండి మాస్టారూ" అని స్నేహలత రెండోసారి అడిగింది. చెరువు నీళ్ళు పరీక్షచేసే ల్యాబులో ఆమె ఉద్యోగం. మూడేళ్ళుగా మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన ఫోను పెట్టుకుని ముక్కూమొహం తెలియని దేశాలవాళ్ళతో ఆడుతోంది. కొన్ని వందల ఆటలు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని, ఆ మనిషి ఊపిరి వినిపిస్తుండగా, చేత్తో ఒక్క పావునైనా జరపలేదు. ఈ కొట్టు దగ్గర ఆ బల్లకి మగవాళ్ళ మోచేతులు ఎప్పుడూ అతుక్కునే ఉంటాయి మరి. ఆ ఏలూరు కుర్చీ ఆమెకి ఎంత కావాలంటే, నిన్న రాత్రి కలలో కుర్చీ ఒక్కటే వచ్చింది, దాని ఎదుట ఎవరూ లేరు.

"నీ పేరూ అనుకున్నానమ్మా, కానీ ఇక్కడందరూ యోబుగారనే అంటున్నారు. పెద్దాయన. పైగా ఫణికిరణ్‌కి ఆయనే నేర్పారటగా?" అన్నాడు ప్రసాదరావు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదండీ" అని యోబుగారు టీ గ్లాసు కింద పెట్టారు. ఆ గ్లాసు కింద పెట్టారంటే వినేవాళ్ళు సర్దుకు కూర్చోవాలన్నమాట. "ఉన్నదే చెబుతాను. ఫణికిరణ్‌వాళ్ళది తాడేపల్లిగూడెం. వాళ్ళ నాన్న చేపల మేత కంపెనీలో పనికొచ్చి ఇక్కడ రెండేళ్ళున్నాడు. పిల్లాడికి ఏడేళ్ళు. ఇదిగో, ఈ బల్ల పక్కన నిలబడి మా ఆట చూసేవాడు. ఓ రోజు 'తాతా, నాకూ చెప్పవా' అన్నాడు. చెప్పాను. అంతే."

"అంతేనా? సరే, పేరు రాసేసుకుంటానండీ" అని మాస్టారు పెన్ను తీశాడు.

"అంతే అని ఎవరన్నారండీ?" అన్నారు యోబుగారు. "చెప్పడమంటే పుస్తకం ముందేసుకుని చెప్పాననుకున్నారా? పడవెక్కించి కొల్లేట్లోకి తీసుకుపోయాను. ఇప్పుడీ చెరువులన్నీ పైనుంచి చూస్తే ఎలా ఉంటాయి? గళ్ళు కావూ? ఒకదాంట్లో నీళ్ళు పచ్చన, పక్కదాంట్లో తెల్లన, మళ్ళీ పచ్చన..."

"పైనుంచి నువ్వెప్పుడు చూశావు బాబాయ్?" హౌరా లారీ రూబెన్ అడిగాడు.

"తాటిచెట్టెక్కి చూశాన్రా. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, అరవైనాలుగు చెరువులు. ముప్ఫైరెండు పడవలు దింపాను. పడవకో మనిషి ఎందుకూ, గట్టుమీద నిలబడి 'ఏనుగు ముందుకి' అనేవాణ్ణి, గాలి వచ్చి ఆ పడవనొక్కదాన్నే నెమ్మదిగా ముందు చెరువులోకి జరిపేది."

"మధ్యలో గట్టో?" అంది పాపమ్మ పాలు తిరగబోస్తూ.

"గట్టు పక్కకి తప్పుకునేది చెల్లెమ్మా. ఆ రోజుల్లో గట్లకి మర్యాద ఉండేది."

నవ్వులు లేచాయి. స్నేహలత నవ్వలేదు. కానీ ఆమె రోజూ సీసాల్లో పట్టే నీళ్ళే, పచ్చవీ తెల్లవీ, ఒకదాని పక్కన ఒకటి, ఆకాశం కింద పరుచుకుని ఉండగా కళ్ళముందు కదిలాయి. వాటిమీద మనిషి లేని పడవలు ఒక్కో గడీ జరుగుతున్నాయి. ఈ ముసలాయన అబద్ధం చెప్పినా అందులో తడి ఉంటుంది. అదే ఆమెకి ఒళ్ళుమండే సంగతి.

"ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? కొంగని చూపించాను. 'ఒరే బాబూ, అదేం చేస్తోంది?' అన్నాను. 'ఏం చెయ్యట్లేదు తాతా' అన్నాడు. 'అదేరా ఆట' అన్నాను. ఇద్దరం దాని పక్కనే నీళ్ళలో నిలబడ్డాం. ఒంటికాలిమీద. మూడు రోజులు."

"మూడు రోజులు తిండో అన్నయ్యా?" అంది పాపమ్మ.

"కొంగ తిన్నప్పుడు తిన్నాం. మూడో రోజు పొద్దున కొంగకే విసుగొచ్చి ఎగిరిపోయింది. పిల్లాడు కదల్లేదు. నేనప్పుడనుకున్నాను, స్తోత్రం, వీడికి వచ్చేసిందని. ఇవాళ్టికీ చూడండి, వాడి ఆటలో దాడి కనపడదు. ఏమీ చెయ్యట్లేదే అనుకుని ఎదుటివాడు కాలు పెడతాడు. మోకాలి లోతు. ఫర్వాలేదనుకుంటాడు. నడుం లోతు. ఇంకో అడుగు. అప్పుడు చూసుకుంటే గట్టు కనపడదు."

అది నిజం. ఫణికిరణ్ ఆటలు ఫోనులో దాచుకుని ఎత్తు ఎత్తుగా చదివింది స్నేహలత. అచ్చం అలాగే ఆడతాడు. దాన్ని ఇంత బాగా చెప్పినవాళ్ళు ఎక్కడా కనపడలేదు. ఈయన ఇంకాస్త అసహ్యంగా కోతలు కోస్తే బాగుండును అనుకుంది, పెన్ను కొస వైపే చూస్తూ.

"గ్రాండ్‌మాస్టర్ అవాలంటే మూడు నార్ములు కావాలి మాస్టారూ. నార్మంటే ఏం లేదండీ, లారీకి పర్మిట్టు. మూడూ ఉంటేనే బండి కదులుతుంది. మొదటిది కలకత్తాలో. ఎవరు తీసుకెళ్ళారనుకున్నారు? వెనక శీలావతి చేపలు, ముందు వాడు. దారిలో పక్కకొచ్చిన ప్రతి లారీతోనూ ఆడాడు, కిటికీలోంచి కిటికీకి, ఎనభై స్పీడులో. ఒడిశా దాటేసరికి మా వెనక ఓడిపోయిన లారీలు నాలుగు మైళ్ళ బారున, హారను కొట్టడానికి కూడా మొహం చెల్లక, లైట్లు తగ్గించుకుని వచ్చాయి."

"ఆ వరసలో నేనూ ఉన్నట్టున్నాను బాబాయ్" అన్నాడు రూబెన్.

"నువ్వప్పటికి పుట్టలేదు, నోర్ముయ్. రెండోది హంగేరీలో. అది చిన్నపని, వదిలెయ్యండి. మూడోది ఐసుదేశం. అక్కడ ఐసుకి ఫ్యాక్టరీ ఉండదు, దేశమే ఫ్యాక్టరీ. అక్కడ వీడి ఎదుట ఎవడు కూర్చున్నాడో తెలుసా? ఏడడుగుల మనిషి. గడ్డం వచ్చి బోర్డుమీద పరుచుకుని ఆరు గళ్ళు కప్పేసింది. ఆ గడ్డం కింద ఒక గుర్రం ఉందని ముప్ఫై ఎత్తులదాకా ఎవరికీ తెలియలేదు."

"అన్యాయం కదండీ!" అన్నాడు ప్రసాదరావు. పాపం నిజంగానే కోపం వచ్చింది ఆయనకి.

"గడ్డానికి రూలు లేదండీ. ఇక్కడ నాకు ఎడం కన్ను అదిరింది. వెంటనే ఆటపాక పక్షుల చెరువుకి పోయి, మంచి వయసులో ఉన్న గూడబాతుని ఒకదాన్ని చూసి, చెవిలో చెప్పాను. అది ముక్కు కింద సంచిలో ఇంత కొల్లేటి నీళ్ళు పట్టుకుని లేచింది. ఏడు సముద్రాలు దాటింది. దాహమేసినా ఆ నీళ్ళు ముట్టలేదు. ఐసుదేశంలో ఆ హాలు కిటికీమీద వాలి, సంచి వంచింది. నేలమీద పడ్డాయి మన నీళ్ళు. పడీపడగానే పొగలా లేచాయి. మంచు! ఈ మంచే! ఇదే నాచు వాసన! హాలు నిండిపోయింది. దీపాలు ఇలాగే పచ్చగా నానిపోయాయి. గడ్డంవాడికి తన చెయ్యి తనకి కనపడలేదు. మనవాడికి మాత్రం ప్రతి పావూ కనపడుతోంది, చిన్నప్పుడు పడవలు కనపడ్డట్టు."

ఎవరో ఐసు దిమ్మ కొడుతున్న చప్పుడు దూరంగా, మెత్తగా వస్తోంది. రూబెన్ టీ చల్లారిపోయింది. స్నేహలతకి కూడా కాసేపు తను ఎందుకొచ్చిందో గుర్తులేదు. చెక్క నేలమీద పాకుతున్న మంచూ, అందులో మునిగిన రెండు కుర్చీలూ కనపడుతున్నాయి.

"కానీ మనవాడి రాజు మూలకి చిక్కాడండీ" గొంతు తగ్గించారు యోబుగారు. "చెక్ ఇంకా పడలేదు. వచ్చే ఎత్తుకి ఆట కట్టు. ముందు ఏనుగు, పక్కన గుర్రం, అడుగు వెయ్యడానికి గడి లేదు. వాడు కిటికీ వైపు చూశాడు. గూడబాతు వాణ్ణే చూస్తోంది. చూసి, ఆ కిటికీ గట్టుమీద రెండడుగులు ముందుకీ, ఒకటి పక్కకీ గెంతింది. అంతే! నేను ఈ బల్లమీద చెప్పిన మొదటి పాఠం గుర్తొచ్చింది వాడికి. రాజుని పైకెత్తాడు. గుర్రంలా దూకించాడు! కట్టు దాటి, గుర్రం నెత్తిమీంచి, గడ్డం అవతలికి! హాలంతా లేచి నిలబడింది. ఆటకి ఒక్కసారే ఉంటుంది ఆ దూకుడు, ఎప్పుడు వాడాలో తెలిసినవాడే గ్రాండ్‌మాస్టరు. ఇది చెప్పింది ఎవరయ్యా అంటే..."

"మీరే!" అన్నారు డ్రైవర్లు ఒక్క గొంతుతో. ప్రసాదరావు కళ్ళు తుడుచుకుని పెన్ను కాగితానికి ఆనించాడు.

స్నేహలత మంచులోంచి బైటపడింది. ఎవరో చెంపమీద కొట్టినట్టు.

"ఒక్క నిమిషం మాస్టారూ. ఏవండీ యోబుగారూ, ఆ రాజు ఎక్కణ్ణుంచి ఎక్కడికి దూకాడండీ?"

ఆయన చాలా మర్యాదగా బల్లమీద పావు పెట్టి చూపించారు. "ఇదిగోనమ్మా. ఇక్కణ్ణుంచి ఇక్కడికి."

"రాజు దూకడండీ."

"అంటే?"

"అంటే దూకడండీ. ఏలూరులోనూ దూకడు, హంగేరీలోనూ దూకడు. ఒక్క గడి నడుస్తాడు. కోట కట్టేటప్పుడు మాత్రం ఏనుగు వైపు రెండు జరుగుతాడు. దూకిస్తే పక్కన నిలబడ్డ అంపైరు వచ్చి వెనక్కి పెట్టిస్తాడు, మళ్ళీ దూకిస్తే ఓడిపోయావు లేవమంటాడు. ఫణికిరణ్‌గారు నిజంగా మీ దగ్గరే నేర్చుకుని ఉంటే తొలి టోర్నీలో తొలి ఆటకే ఇంటికొచ్చేసి, ఈపాటికి నాన్నగారి కంపెనీలో మేత బస్తాలు ఎత్తిస్తూ ఉండేవారండీ."

"అదేంటక్కా!" రూబెన్ లేచాడు. "మా నాన్న అలాగే ఆడాడు, నేనూ అలాగే ఆడతాను. ఈ కొట్టు దగ్గర ఎవరి రాజైనా ఆటకోసారి దూకుతాడు."

"దూకుతాడు తమ్ముడూ. ఇది మన నాటు ఆట. బాగానే ఉంటుంది. ఆదివారం ఆడేది ఇది కాదు. మాస్టారూ, ఆ ఫారం వెనకాల రూల్సు ఉంటాయి, చదవండి."

ప్రసాదరావు కాగితం తిప్పాడు. వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, ఒక్కో ముక్కా చదివాడు. రెండోసారి చదివాడు. ఆ తర్వాత యోబుగారి వైపు చూడకుండా, "అమ్మాయి చెప్పిందే ఉందండీ" అన్నాడు. పాపమ్మ పాలగిన్నె కింద మంట తగ్గించింది. ఈ కొట్టు దగ్గర ఇన్నేళ్ళలో ఎన్ని వందల రాజులు ఎన్ని చావులు తప్పించుకున్నారో ఆ గోడమీద గీతలకే తెలుసు.

యోబుగారు చాలాసేపు బల్లమీది రాజునే చూశారు. కోపం వస్తుందేమోనని స్నేహలత మాట సిద్ధం చేసుకుని నిలబడింది. కానీ ఆయన రాజుని రెండు వేళ్ళతో ఎత్తి, మళ్ళీ మూలనే, చిక్కినచోటనే పెట్టారు.

"ఆ అమ్మాయి పేరు రాయండి మాస్టారూ. నలుగురిలో నన్ను లేవమంటే లేవలేను, మోకాళ్ళు" అన్నారు.

ప్రసాదరావు రాశాడు. స్నేహలత తన పేరులో ప్రతి అక్షరం కాగితంమీద పడేదాకా కన్ను తిప్పలేదు. తిప్పేసరికి యోబుగారు బల్లకి ఇవతల చోటు చేసి, పావులు మొదట్నుంచి పేరుస్తున్నారు. పోయినవాటి చోట సోడా మూతలు.

"కూర్చో అమ్మా. ల్యాబు ఎనిమిదిన్నరకి కదా."

ఆమె కూర్చుంది. ఎదురుగా మనిషి. ఊపిరిలో అల్లం టీ వాసన. రాజు ముందున్న బంటుని పట్టుకుని ముందుకి నడిపింది.

"ఆగాగు" అన్నారు యోబుగారు. "రెండు గళ్ళు పెట్టేశావు."

"తొలి అడుగు రెండు గళ్ళు వెయ్యొచ్చండీ, బంటు."

"రెండా!"

"ఏ బంటైనా అంతేనండీ."

ఆయన తనవైపు వరసగా నిలబడ్డ ఎనిమిదింటినీ, మూతలతో సహా, ఒక్కొక్కదాన్నీ చూశారు.

"ముప్ఫై ఎనిమిదేళ్ళు వీళ్ళని ఒక్కో గడీ నడిపించానే తల్లీ" అన్నారు మెల్లగా. "ఒక్కడైనా నోరు తెరిచి అడగలేదే."