నెట్లకెక్కిన గొంగడి

సుగుణ, గొర్లు గాసే కురుమోళ్ల కోడలు. పదో తరగతి దాక సదివింది, ఆ సదువుతోని గొంగడి సంఘంల రాతకోతలకు కూసోవెట్టిండ్రు. సంఘానికి పెద్ద ఎవరంటే రాజమల్లు, ఆమె మామకు తమ్ముడు, ఆమెకు చిన్నమామ అనుకో. సంఘం ఎట్లున్నదంటే, గోదాం నిండ గొంగళ్లు, కొనేటోడు లేడు. గొర్లు గాసెటోడే వానొస్తె ప్లాస్టిక్ కవరు కప్పుకోవట్టె, ఇంకెవడు కొంటడు చెప్పు. మగ్గం గుంతలల్ల కోళ్లు పండుకుంటున్నయంట. అప్పుడు సుగుణ ఏమన్నదంటే, మామా, మనం నెట్ల పెడుదం అన్నది. పెట్టు బిడ్డా, ఏడ అమ్మితేంది అన్నడు ఆయన. అమ్ముడు కాదు మామా, ముందుగాల అడుగుదం, మన ఉన్ని గిట్లుంటది, దీంతోని మీకేం పని వడ్తదో చెప్పుండ్రి అని లోకాన్ని అడుగుదం అన్నది. రాజమల్లుకు అది నచ్చలే. తాతల కాన్నుంచి చేస్తున్న పని, ఇప్పుడు ఎవన్నో అడిగి నేర్సుకుంటమా, నవ్విపోరా అన్నడంట. నవ్వితె నవ్వనీ మామా, కొంటలేరు గదా అన్నది సుగుణ.

పెట్టింది. ఫోటోలు పెట్టింది, ఉన్ని ఏకుడు, వడుకుడు, చింతగింజల గంజి పూసుడు, అంత పెట్టింది. సంఘంల ఎల్లవ్వ అని పెద్దామె ఉన్నది గదా, ఉన్ని వడుకుతె ఆమెనే వడకాలె, ఆమె కదురు పట్టుకోని నవ్వుతున్న ఫోటో, కింద పేరు రాసి, అన్నిట్ల పైకి పెట్టింది. మొదలు ఏమొచ్చినయంటే అన్ని తిట్లే. ఒకడు మీ గొంగడి గుచ్చుకుంటది అన్నడు, ఒకామె వాసనొస్తది అన్నది. తీసెయ్యి అన్నడు రాజమల్లు. తీసేస్తె మల్ల ఎవలు చెప్తరు మామా అని ఉంచింది సుగుణ. ఒక్కొక్కరికి కూసోని జవాబు రాసింది, రానిది ఫోనుకు చెప్తె అదే ఇంగ్లీషు చేసి పెడ్తది గదా. గట్ల రాయంగ రాయంగ ఏమైందంటే, కూనూరు కొండల మీద థామస్ అని ఒకాయన, పాటలు రికార్డు చేసే గది ఉన్నదంట ఆయనకు, ఆయన అడిగిండు. అమ్మా, నా గదిల మాట గోడలకు తాకి మల్ల మోగుతది, మీ మందపు ఉన్ని గోడకు కొడితె ఆ మోత సచ్చిపోతదా అని.

సుగుణ ఉరికింది ఎల్లవ్వ తానికి. ఎల్లవ్వ వక్క నములుకుంట విన్నది. గొంగడి ముసుగేసుకుంటె గొర్ల అరుపు దూరం వోయినట్టు ఇనవడ్తది బిడ్డా, చేసి చూద్దం తియ్యి అన్నది. చేసిండ్రు, పంపిండ్రు. పనికి రాలే. గంజి పూసిండ్రు గదా, బిర్రుగ అట్ట లెక్కైంది, మోత ఇంక ఎక్కువైందంట, దానికితోడు ఆ కొండల తేమకు బూజు వట్టింది. సుగుణ ఏం జేసిందంటే, ఆ బూజు వట్టిన తునక ఫోటో గూడ నెట్ల పెట్టింది. మేం గిట్ల చెడగొట్టినం, ఎట్ల చెయ్యాల్నో చెప్పుండ్రి అని రాసింది. నువ్వు నమ్మవు గాని, ఎక్కడెక్కడోళ్లో చెప్పిండ్రు. ఒకాయన గంజి మానుమన్నడు, ఇంకొకామె రెండు పొరలు జేసి నడుమ గాలి ఉంచుమన్నది. ఎల్లవ్వ దారం లావుగ, వదులుగ వడికింది. ఈసారి కుదిరింది. థామస్ ఆ గదిల కూసోని ఒక పాట పాడి పంపిండు. ఎల్లవ్వ ఫోను చెవికి వెట్టుకోని, ఎంత సల్లగున్నది బిడ్డా గొంతు అన్నదంట.

ఇగ చూడు. పాటల గదులోళ్లు, బడులోళ్లు, పెద్ద పెద్ద ఆఫీసులోళ్లు, అందరికి గొంగడి గోడలు గావాలె. కోళ్లను లేపి మగ్గాలల్ల మనుషులు కూసున్నరు. రాజమల్లుకు సన్మానం జేసిండ్రు పట్నంల, శాలువ కప్పిండ్రు. అది మిల్లు శాలువనే, అది వేరే ముచ్చట. స్టేజి మీద ఆయన ఏమన్నడంటే, ఈ ఆలోచన నాకు చిన్నప్పటి సంది ఉండె అన్నడు. సుగుణ కింద కూసోని చప్పట్లు గొట్టింది. మనోడే గదా అనుకున్నది.

అయితే ఆ ఉన్నిచ్చే నల్లగొర్లు ఏడున్నయి? అందరు మాంసానికి ఎర్రగొర్లు వెంచవట్టిరి, వాటికి ఉన్ని ఉండది. అడిగెటోళ్లు ఎక్కువైండ్రు, ఉన్ని తక్కువాయె. సుగుణ అన్నది, మామా, ఉన్ని లేదని నెట్ల రాద్దం, ఆగుతరు, లేకుంటె వాళ్లే ఏదన్న తొవ్వ చెప్తరు. రాజమల్లు ఇనలే. లేదని చెప్పుకునే సంఘం ఏడన్న ఉన్నదా అన్నడు. లారీల మిల్లు దారం దించిండు, నల్లరంగుది. పైపైన మన ఉన్ని, లోపలంత అదే. ఎల్లవ్వకు చెప్పలే. ఆమె ఫోటో మాత్రం పైన అట్లనే నవ్వుతున్నది.

ఏమైందంటే, హైదరాబాదుల ఒకామె, నీలోఫర్ అంట, పిల్లల బడి నడుపుతది, ఆమె బడి గోడకు మన గొంగడి పెట్టిచ్చుకున్నది. కరెంటు తీగల నుంచి నిప్పురవ్వ వడ్డది. ఉన్నైతె వెంటిక కాలిన వాసనొచ్చి ఆగిపోతది. ఇది కరిగి కారిందంట, గదంత పొగ. పిల్లలకేం గాలే, అది వాళ్ల అదృష్టం. ఆమె ఫోటో పెట్టి నెట్ల అడిగింది, ఎల్లవ్వా, ఇది నీ చేతిదేనా అని. సుగుణ చదివి వినిపిచ్చింది. ఎల్లవ్వ ఫోను గుంజుకోని ఆ కరిగిన తునక ఫోటో చూసింది. నాది కాదు, నేను చెయ్యలేదని రాయి బిడ్డా, ఆ తల్లి పిల్లల మొకం జూసి రాయి అన్నది. సుగుణ రాద్దామనే కూసున్నది. రాజమల్లు వచ్చిండు. కొట్లాడలే ఆయన, మెల్లగ చెప్పిండు. రాస్తె రేపటి సంది మగ్గం ఆగుతది, అందరి ఇండ్లల్ల పొయ్యి ఆగుతది, వాళ్లందరికి నువ్వు జవాబు చెప్తవా, నీ మొగడు గూడ మగ్గం మీదనే ఉన్నడు గదా అన్నడు. సుగుణ రాయలే. నీలోఫర్ అడిగిన ప్రశ్ననే తీసేసింది.

తెల్లారి థామస్ రాసిండు. సుగుణమ్మా, ఆ ప్రశ్న నువ్వే తీసేసినవా, లేక తప్పిపోయిందా అని. బూజు వట్టిన తునక పెట్టినామె గదా, ఆయన నమ్మలేకపోయిండు. సుగుణ అది గూడ తీసేసింది. ఎల్లవ్వ అడిగితె, రాసిన అవ్వా అన్నది. ఏమన్నరు మరి అని ముసల్ది రోజూ అడుగుడు, ఇంక ఏమనలే అని ఈమె రోజూ చెప్పుడు.

సప్పుడు గాకుంట ఉంటదా? నీలోఫర్ కారేసుకోని ఊర్లెకే వచ్చింది. కరిగిన తునక ఎల్లవ్వ ముంగట వెట్టి, ఇది నీ చెయ్యేనా అమ్మా అని అడిగింది. ఎల్లవ్వ అన్నది, కాదని రాయించిన గదా బిడ్డా, నీకు ముట్టలేదా. నాకేం రాలేదమ్మా, నేనడిగింది గూడ తుడిచేసిండ్రు అన్నది ఆమె. సుగుణ గడప కాడ నిలవడి ఉన్నది. ఎల్లవ్వ ఆమె దిక్కు చూసింది. తిట్టలే. తిట్టినా బాగుండు. కదురు తీస్కోని లోపలికి వోయి తలుపు దగ్గరికేసుకున్నది. తర్వాత సంఘానికి ఒక్క పోగు వడకలే, సుగుణతోని ఒక్క మాట మాట్లాడలే.

నీలోఫర్ సంగతంత వేరే కాడ రాసింది, మెల్లగ అందరికి తెలిసింది. అడిగితె దారి చెప్పినోళ్లు ఒక్కొక్కరు జరిగిపోయిండ్రు. మగ్గాలు ఆగినయి. సంఘం మీటింగు వెట్టిండ్రు. రాజమల్లు లేచి, ఈ నెట్టు మంచిది కాదని నేను మొదటి సందే చెప్తున్న, ఈ పిల్లనే ఇనలే అన్నడు. అందరు అవునన్నరు. నిజమేందో ఆడున్నోళ్లకు అందరికి ఎరుకే, సుగుణకూ ఎరుకే. ఆమె ఏమని ఎదురు చెప్తది, తుడిచింది తన వేలేనాయె. సంఘం పని వోయింది, ఇప్పుడు సిద్దిపేటల బట్టల దుకాణంల చీరలు మడత వెడ్తది.

రాజమల్లు ఇప్పటికీ సంఘానికి పెద్దనే, ఎన్నికలల్ల ఎవరు నిలవడలే. మిల్లు దారం గోదాంల అట్లనే ఉన్నది. మొన్న నేను చూసొచ్చిన. మన ఉన్నిని సంవత్సరం తిరగకముందే పురుగు తిని జల్లెడ చేస్తది గదా, దీన్ని పురుగు గూడ ముట్టలే. కొత్తగున్నట్టే ఉన్నది. ఇంక చానా ఏండ్లు ఉంటది.