ఆశన్న వేళ్లు

దుబాయ్ జెబెల్ అలీలోని ఒక గోదాములో, కంపెనీ క్రికెట్ జట్టు కెప్టెన్ సూపర్‌వైజర్ గదిలోకి దూసుకొచ్చాడు.

"సార్, మా కీపర్ ఆశన్న కాంట్రాక్టు రెన్యూ చేస్తలేరట, నిజమేనా?"

"ఆయన వేళ్లు వంకర పోయినయ్. డబ్బాలు సక్కగ పట్టుకుంటలేడు. ముదీరే వద్దన్నడు, మేనేజర్ మాట కాదనలేం గద."

"ఆ వేళ్లు ఏడ విరిగినయ్ సార్? స్టంపుల వెనక! అట్ల గెలిచిన కప్పునే గద ముదీర్ తన గదిల పెట్టుకున్నడు!"

"కంపెనీ పనికి తీసుకున్నది, ఆటకు గాదు."

"మరి శుక్రవారం ఫైనల్‌కు కీపింగ్ ఎవరు జేస్తరు?"

"ఆశన్ననే. ఫైనల్ అయినంకనే ఆయనకు చెప్పమన్నడు ముదీర్. అప్పటిదాంక నువ్వు గూడ నోరిప్పకు."

"ఇప్పుడే పోయి చెప్త! శుక్రవారం స్టంపుల వెనక ముదీర్‌నే నిలబడమనుండ్రి. ఆయన వేళ్లు సక్కగనే ఉన్నయ్ గద!"