ఇరవై ఆరో పేజీ

పాస్టరు గారికీ, ఆర్నెట్టా అక్కచెల్లెళ్ళకూ, పొయ్యి మీది చేపలు దింపేసి పరుగున వచ్చిన తల్లులకూ, తొమ్మిదో నంబరు గది పిల్లలకూ, మూడో వరసలో కూర్చున్న జిల్లా విద్యా ఆఫీసు పెద్దలకూ వందనాలు. మీరూ వచ్చారు, సంతోషం. వినండి.

నా పేరు వెర్లీన్ గాడిస్. పంతొమ్మిదేళ్ళు ఆ గదిలో మిస్ ఆర్నెట్టా ప్రూయిట్ పక్కన సహాయకురాలిగా పనిచేశాను. గురువారం ఆమెను మట్టికిచ్చాం. నాకు ఏడుపు వస్తోంది, కోపమూ వస్తోంది. ఏది ముందొస్తే అది మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

మన బడి లైబ్రరీలో ప్రతి పుస్తకం వీపునా ఒక రంగు చుక్క ఉంటుంది. పరీక్షలో ఎవరికి ఏ రంగు వస్తే ఆ రంగు పుస్తకమే తీసుకోవాలి. చదువు నెమ్మదిగా వచ్చే మన గది పిల్లలందరికీ ఏటా పసుపు చుక్కే. పసుపంటే ఏమిటి? పేజీకో బొమ్మ, బొమ్మ కింద ఒక ముక్క.

జైరియాకు అప్పుడు పదమూడేళ్ళు, నాకంటే పొడుగు. ఆ పిల్ల చేతిలో బాతుపిల్ల బొమ్మల పుస్తకం పెట్టారు. బస్సులో చొక్కా కింద దాచుకుంది. ఎవడో చూశాడు. ఇక బస్సు బస్సంతా "క్వాక్, క్వాక్" అని అరుపులు. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మిస్ ఆర్నెట్టా వాళ్ళ గుమ్మంలో నిలబడి ఒకటే మాట అంది: "తప్పు నీది కాదు తల్లీ, మాది. నువ్వు రా, సంగతి నేను చూస్తా."

చూసింది. పెద్ద పిల్లలు చదివే పుస్తకాలు, అధ్యాయాలున్నవి, మా గదికీ ఇవ్వమని ఆఫీసుకు రాసింది. ఏం జవాబొచ్చింది? "చదవలేని పిల్లలకు అంత లావు పుస్తకాలెందుకు?" ఆ ఉత్తరాన్ని ఆమె తలుపు లోపలివైపు అంటించింది. "రోజూ చూడు వెర్లీనూ, మన కోపం చల్లారకూడదు" అనేది.

మూడేళ్ళు రాసింది. మూడేళ్ళూ అదే జవాబు. అప్పుడు ఏం చేసిందో తెలుసా?

మన గదిలో ప్రతి బిడ్డకూ ఏటా ఒక ప్రణాళిక రాస్తాం. బిడ్డకు ఏం నేర్పాలి, ఏం ఇవ్వాలి, అన్నీ అందులో ఉంటాయి. తల్లి, టీచరు, ఆఫీసు మనిషి సంతకాలు పెట్టాక అందులో ఉన్నది ఇచ్చి తీరాలి. అది చట్టం. కానీ నలభై పేజీలు ఎవరు చదువుతారు? ఆ సంగతి ఆమెకు తెలుసు. పదకొండు మంది పిల్లల ప్రణాళికల్లోనూ ఇరవై ఆరో పేజీలో ఒక వాక్యం రాసింది: "ఈ బిడ్డకు తన వయసు పిల్లలు చదివే, అధ్యాయాలున్న పుస్తకాలు ఇవ్వాలి, ఇంటికి పంపాలి." తల్లులు వేలు పెట్టి చదివి మరీ సంతకం చేశారు. ఆఫీసాయన తిన్నగా చివరి పేజీ తిప్పి సంతకం పెట్టేశాడు. ఒకసారి కాదు, పదకొండుసార్లు!

తర్వాత ఆమె పుస్తకాలు అడిగింది. కుదరదన్నారు. ఇరవై ఆరో పేజీ తీసి బల్ల మీద పెట్టింది. నెల తిరక్కుండా పెట్టెలొచ్చాయి.

అబద్ధం చెప్పను. మొదటి నెల ఎవరూ మొదటి పేజీ దాటలేదు. బస్సులో పైకి కనపడేలా పట్టుకుని తిరిగారంతే. "అక్కా, మోయడానికేనా ఇవి?" అని నేనే ఎగతాళి చేశాను. "మోయనీ. వాళ్ళను మోయనిచ్చింది ఎవరు ఇన్నాళ్ళూ?" అంది. ఫిబ్రవరికల్లా జైరియా నాలుగో అధ్యాయంలో ఉంది.

ఇప్పుడు ఎందుకీ కోపం అంటారా? ఆమె పోయిన మూడో రోజే బడికి ఉత్తరం వచ్చింది. పుస్తకాలు వెనక్కి పంపాలట. కొత్త ప్రణాళికలు సిద్ధమట, ఆ వాక్యం లేకుండా. సోమవారం తల్లులు సంతకాలు పెట్టాలట. శవం మీద మట్టి ఆరకముందే ఇంత తొందరా?

అమ్మల్లారా, సోమవారం రండి. కుర్చీ లాక్కుని కూర్చోండి. నలభై పేజీలూ చదవండి. అర్థం కానిది అడగండి. ఆ వాక్యం కనపడకపోతే కలం కింద పెట్టండి. మీరు పెట్టందే పాత సంతకం చెరగదు. ఆఫీసు పెద్దల్లారా, పోయింది టీచరు. ఆమె పెట్టించిన సంతకాలు పోలేదు.

ఇక మౌనం పాటిద్దాం. గడియారం చూసి కాదు. మా గదిలో ఒక పద్ధతి ఉండేది. చదివే బిడ్డ ఏ మాట దగ్గర ఆగినా ఎవరూ అందించకూడదు. నేను నోరు తెరిస్తే అక్క నా మణికట్టు పట్టుకునేది. బిడ్డ తనంతట తాను ఆ మాట దాటేదాకా గదంతా కాచుకునేది. అందుకని ఇప్పుడు జైరియా మన ముందు నిలబడి ఒక పేజీ మనసులో చదువుకుంటుంది. ఆమె పేజీ తిప్పేదాకా మనం నిలబడదాం. ఎక్కువసేపే పట్టవచ్చు. కాళ్ళు నొప్పెడితే నొప్పెట్టనివ్వండి.

అందరూ లేవండి. మూడో వరస కూడా.

మొదలుపెట్టు తల్లీ. మాకేం తొందర లేదు.