పలక కింద ట్యాంకు

పాకాల రోడ్డు పక్కన పాత వ్యాన్ నిలబడి ఉంది. పక్షవాతం వచ్చిన మొగుణ్ణి పడుకోబెట్టి మరునాడు పొద్దున్నే వేలూరు ఆసుపత్రికి తీసుకుపోవాలని, ఒకామె అందులో ప్లైవుడ్ పలక వేయిస్తోంది. ఇళ్ళకు తలుపులు చేసే వడ్రంగి చివరి రెండంగుళాల స్క్రూ బిగిస్తుండగా ఆమె అడిగింది.

"ఆచారన్నా, డీజిల్ ట్యాంకు యాడుండాది?"

వడ్రంగి చెయ్యి ఆగిపోయింది.

"ఈ పలక కిందనే ఉండాదేమో తల్లీ."

"ఏమోనా? కింద సూడకుండానే బిగించినావా?"

"తలుపుకు అవతల గాలి తప్ప ఏముంటాదమ్మా? ఆ అలవాటే."

స్క్రూ మొన ట్యాంకులోకి దిగిందేమోనని అతను వ్యాన్ కిందికి దూరి దాని పైభాగం తడిమాడు. వేళ్ళకు తడి తగిలింది.

"వాసన సూడన్నా!"

"కరోనా వచ్చిపోయినప్పటినుంచి నాకు వాసన తెలీదు. నువ్వే సూడు తల్లీ."

అతను బయటికి చాచిన చేతిని ఆమె ముక్కు దగ్గర పెట్టుకొని రెండుసార్లు పీల్చింది.

"నీళ్ళే. పొద్దున బండి కడిగినాం గదా."

"బతికించినావు."

"నువ్వు బతికితే సాలదన్నా. మా ఇంటాయన కదల్లేడు. మంటొస్తే దూకి పారిపోలేడు."

వడ్రంగి స్క్రూడ్రైవర్ తీసుకొని మళ్ళీ వ్యాన్ ఎక్కాడు.

"రేపు నేను గూడా ఈ పలక మిందనే కూసోని వేలూరికొస్తా."

"వాసన రానోడివి, నువ్వొచ్చి ఏం జేస్తావు?"

"రేపేం జేస్తానో తెలీదు తల్లీ. నేనెక్కే బండి అనుకుంటే, ఇప్పుడు ఒక్కో స్క్రూ విప్పి సూస్తాను."